కబురుకన్నా ముందొచ్చిన పాట

సాయంత్రం నాలుగు ఇరవైకి, విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్తున్న బస్సులో ఒక స్త్రీ తన చెవిపూస తీసి ఒళ్లో పెట్టుకుంది. అందులో పాట సగంలో ఉంది.

ఆ సంగతి అప్పటికి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ స్త్రీ. రెండోవారు నడవాకి ఇవతల సీట్లో కూర్చున్న హైమ. హైమ ఒళ్లో పాటపలక ఉంది. తమ ఉప్పుగాలి బృందం పాట ఎవరి చెవిపూసలో మోగినా పలక మీద ఆ చోట ఒక చుక్క వెలుగుతుంది. ఈ చుక్క ఆనందపురం దాటాక వెలిగింది. బస్సుతో పాటే కదులుతోంది. దాని రంగు నీలం. నీలం అంటే శోక గడియ.

అప్పటికి పాటలు వెతుక్కుని వినేవాళ్లు లేరు. చెవి తమ్మె వెనక అంటించుకునే పూస మనిషి నాడిని, ఊపిరిని, చెమటను చూసుకుంటూ ఆ గడియకు తగిన పాట తెచ్చి వినిపిస్తుంది. తాలింపు పెట్టేటప్పుడు ఒకటి, బస్సు కోసం నిలబడినప్పుడు ఒకటి. పాటలు కట్టేవాళ్లు గడియల సంతకు వెళ్లి తమ పాటకు చోటు అడగాలి. పెళ్లి గడియలు, ప్రయాణ గడియలు సినిమా కంపెనీలు పట్టుకుపోయేవి. ఉప్పుగాలిలో ముగ్గురే ఉన్నారు. నూకరాజు పాటలు రాసి పాడతాడు. సీతాపతి డ్రమ్స్ వాయిస్తాడు. గిటారు హైమది, ప్రచారం కూడా ఆమెదే. రెండేళ్లు ఆమె అడిగిన గడియ ఏదీ దొరకలేదు.

పోయిన వేసవిలో ఇసుకతోట దగ్గర టిఫిన్ సెంటర్లో ఇడ్లీ కోసం ఎదురుచూస్తూ ఆమె పలక తీసింది. సంతలో ఎవరూ అడగని గడియ ఒకటి కనిపించింది. ఇంట్లో మనిషి పోయినవాళ్ల చెవికి వెళ్లే గడియ అది. అక్కడ టిక్కు పెట్టింది. ఇడ్లీ వచ్చింది. తింది. నూకరాజుతో "గడియ దొరికింది" అని మాత్రం చెప్పింది. ఏ గడియ అని అతను అడగలేదు.

ఆ గడియలో ఒకసారి విన్నవాళ్లు ఆ పాటను మళ్లీ మళ్లీ విన్నారు. పాట టెక్కలి నుంచి తుని దాకా పాకింది. మొదటిసారి వేరే ఊరివాళ్లు హాలు ఇచ్చి పిలిచారు. హైమ, నూకరాజు ఇప్పుడు అక్కడికే వెళ్తున్నారు. సీతాపతి సామానుతో ముందే వెళ్లాడు. బస్సు నిండుగా ఉండడంతో నూకరాజుకు ఆ స్త్రీ పక్కన సీటు దొరికింది.

ఒళ్లో పెట్టిన చెవిపూస నుంచి పాట సన్నగా వినిపిస్తూనే ఉంది. నూకరాజు తల తిప్పాడు.

"అమ్మా, అది మా పాటే" అన్నాడు. "నేనే రాశాను."

ఆమె అతని వైపు చూసింది. "నువ్వా?"

"'వాకిట్లో లైటు ఆర్పకే వదినా.' నాదే. మా అన్నయ్య పోలయ్య వేటకెళ్తే, మా వదిన వాకిట్లో లైటు తెల్లార్లూ ఉంచుద్ది. కరెంటోడు తిట్టినా ఆర్పదు. అది చూసి రాశాను. ఇప్పుడూ అన్నయ్య సముద్రం మీదే ఉన్నాడు, వారమైంది. ఫోనూ అందదు, పూసా పలకదు. ఒడ్డు దగ్గరికొస్తేనే ఏదైనా తెలిసేది. శ్రీకాకుళంలో హాలు నిండిందంటే ఆడు నమ్మడు."

"బాగా రాసినావు" అంది ఆమె. "బాబూ, ఈ పాట ఎవులికి వస్తాదో నీకు తెల్సా?"

"ఎవరికి నచ్చితే వాళ్లకి."

"కాదు నాయనా. మా ఈదిలో ఇద్దరికొచ్చింది. దాలమ్మకి పొద్దున్న గిన్నెలు తోముతుంటే వచ్చింది, మద్దేన్నానికి ఆళ్లన్న పోనాడని కబురు. కరణాలోరి ఆడగుంటకీ అలగే వచ్చింది. ఇందాక మా అక్క కొడుకు ఫోన్ చేసినాడు. అమ్మకి సీరియస్‌గా ఉంది పిన్నీ, కంగారు పడకు, తిని బయల్దేరు అన్నాడు. మాటాడతందా అంటే మాటాడతంది అన్నాడు. పూస బస్సెక్కినాకే సెవికెట్టినాను."

నూకరాజు ఆమె ఒళ్లోని పూస వైపు చూశాడు.

"ఆడిని తప్పు పట్టను. ఆడు సెప్పవలసినట్టే సెప్పినాడు" అంది ఆమె.

ఆ వైపు చావు కబురు ఫోనులో చెప్పరు. సీరియస్‌గా ఉంది, వచ్చెయ్యండి అంటారు. విన్నవాళ్లకు సగం తెలుస్తుంది, సగం తెలియదు. ఆ తెలియని సగాన్ని పట్టుకుని దారి గడుపుతారు. మిగతాది వీధి మలుపులో టెంటు చూసి తెలుసుకుంటారు. అప్పటికి పట్టుకోవడానికి నలుగురు మనుషులు ఎదురొస్తారు. చెవిపూసకు ఈ పద్ధతి తెలియదు. పూస చెవికి ఉండగానే ఒక మనిషి నాడి ఆగితే ఆ పూస అదే క్షణంలో సంతకు చెబుతుంది. సంత తోబుట్టువుల, పిల్లల పూసల్లో శోక గడియ తెరుస్తుంది.

ఇది హైమకు నెల కిందటే తెలిసింది. బొబ్బిలి నుంచి ఒకాయన పలకకు రాశాడు. "మా నాన్న పోయిన కబురు నాకు తొమ్మిదింటికి చెప్పారు. మీ పాట ఎనిమిదిన్నరకే వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పగలరా?" అందరికీ పంపడానికి సిద్ధం చేసుకున్న జవాబే హైమ ఆయనకూ పంపింది. "మీ ఆదరణకు ధన్యవాదాలు. మా పాటను మీ ఆత్మీయులకు కూడా వినిపించండి." ఆయన మళ్లీ రాయలేదు. ఆ తర్వాత ఆమె ఆ జవాబును చాలాసార్లు తెరిచి చదివింది. పంపినదాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. గడియను వెనక్కి తీసుకునే వీలుంది. శ్రీకాకుళం హాలు ఖాయమయ్యాక చూద్దామనుకుంది.

ఆ స్త్రీ సంచిలోంచి ఫోన్ తీసింది.

"ఒరే నాన్నా, బస్సు పైడిభీమవరం వచ్చింది. వచ్చీస్తన్నాను. అమ్మ ఎలగుంది? సరే, సరే. నిద్రలో ఉంటే లేపకు. నువ్వేటైనా తిన్నావా? కాఫీ అయినా తాగు. అమ్మని జాగర్తగా సూసుకో, నానొచ్చీదాకా."

ఫోన్ సంచిలో పెట్టుకుంది. చెవిపూసను కొంగు చివర ముడి వేసుకుంది. రణస్థలంలో దిగేటప్పుడు నూకరాజు ఆమె సంచి అందుకుని మెట్ల దాకా తెచ్చాడు. "నువ్వు కూకో బాబూ, నీ బస్సు ఎల్లిపోద్ది" అంది. హైమ వైపు ఆమె చూడలేదు. హైమ ఎవరో ఆమెకు తెలియదు.

నూకరాజు వచ్చి హైమ పక్కన నిలబడ్డాడు.

"ఏటే ఇది? నీకేమైనా తెలుసా?"

"తెలీదు" అంది హైమ.

"పలకలో చూడు ఒకసారి."

"సిగ్నల్ లేదు."

పలక ఆమె ఒళ్లో బోర్లించి ఉంది. అతను వెళ్లి కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. హైమ అతని దగ్గరికి వెళ్లాలని రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ కండక్టరు నడవాలో అడ్డం వచ్చాడు. మూడోసారి ఎవరూ అడ్డం రాలేదు. అయినా ఆమె లేవలేదు.

హాలు నిండింది. గోడల వెంట కూడా నిలబడ్డారు. సీతాపతి తెర సందులోంచి చూసి, "మా మేనమావ పెళ్లికి కూడా ఇంతమంది రాలేదు" అన్నాడు. ప్రదర్శనల్లో చెవిపూసలు తీసి చేతిలో పట్టుకోవడం మర్యాద. అయిపోయాక ఒక్కొక్కరూ వచ్చి పూసను పలకకు ఆనిస్తే, బృందం ఒక పాట కానుకగా వేస్తుంది. దాన్ని తాంబూలం అంటారు. ఆనించినప్పుడు ఆ పూసలో తమ పాటలు ఏవి విన్నారో, ఏవి దారిలో ఉన్నాయో పలక చూపిస్తుంది. వేదిక పక్కన చిన్న బల్ల మీద హైమ పలక పెట్టింది.

మూడు పాటలు సాగాయి. చప్పట్లు కొట్టారు. నాలుగోది ఆ పాట. హైమ గిటారు మీద మొదటి వరస వాయించింది. నూకరాజు ఎత్తుకున్నాడు.

"వాకిట్లో లైటు..."

ముందు వరసలో ఒకాయన ఫోన్ తీశాడు. ఆయన పక్కనున్నామె, భార్య కాబోలు, ఆమె కూడా తీసింది. పాట రెండో పాదానికి వచ్చేసరికి హాలంతా ఫోన్లు వెలిగాయి. గోడ దగ్గరవాళ్లు గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నారు.

"అమ్మా, ఏం లేదు, ఊరికే చేశాను."

"నాన్న ఉన్నాడా? ఒకసారి ఇయ్యి. ఇయ్యవే."

"కూరేం వండినావు? సరే, ఉంటాను."

"తాతకి మందు వేసినారా? మాటాడమను."

నూకరాజు ఆపాడు. సీతాపతి కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఫోన్లు ఒక్కొక్కటే ఆరాయి. ముందు వరసలో ఆయన లేచి నిలబడ్డాడు.

"బాబూ, కోపం ఏమీ లేదు. మిగతావి బాగున్నాయి. ఆ పాట మాత్రం వద్దు. మేం కచేరీకి వచ్చాం గానీ కర్మకి రాలేదు."

ఎవరో నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు.

"అది చావు పాట కాదండీ" అన్నాడు నూకరాజు. "మా అన్నయ్య తిరిగొచ్చే పాట."

"మాకైతే ఎవరూ తిరిగి రాలేదు. మా చెల్లి పోయిన రోజు అది నా చెవిలో మోగింది. నేను రిక్షాలో కూర్చుని తాళం వేస్తూ విన్నాను, బాగుందే అనుకుంటూ. ఇంటికెళ్తే టెంటు. ఎవరు పంపిస్తారు దాన్ని మాకు?"

నూకరాజు మైకు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మనిషి జవాబు కోసం అతని వైపే చూస్తున్నాడు. హాలంతా అతని వైపే చూస్తోంది.

హైమ గిటారు దింపి మైకు దగ్గరికి వచ్చింది.

"ఆయనకి తెలీదండీ" అంది. "నేను పెట్టాను. మా పాటకి చోటు ఎక్కడా దొరక్కపోతే ఆ గడియలో పెట్టాను. కబురుకన్నా ముందొస్తుందని మొదట తెలీదు. తర్వాత తెలిసింది. తెలిశాక కూడా తియ్యలేదు."

"బస్సులో తెలీదన్నావు" అన్నాడు నూకరాజు. మైకు ఆన్‌లోనే ఉంది. అందరికీ వినిపించింది.

"తెలుసు."

"ఆమె సంచి నేను మోసాను హైమా."

హైమ బల్ల దగ్గరికి వెళ్లి పలక మీద గడియను వెనక్కి తీసుకునే మీట నొక్కింది. "రేపటి నుంచి అమలు. బయల్దేరిన పాటలు ఆగవు" అని పలక చూపించింది. ఆమె ఆ మాటలు పైకి చదివింది.

హాల్లో కొందరు లేచి వెళ్లిపోయారు. హైమ బల్ల పక్కనే నిలబడింది. ఎవరైనా తిడితే వినడానికి నిలబడినట్టు నిలబడింది. తిట్టడానికి ఎవరూ రాలేదు. మూడో వరస నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె చేతిలో ఫోన్ ఉంది, రెండో చేతిలో చెవిపూస.

"అక్కా, మా తమ్ముడు ఎత్తట్లేదు" అంది. "నాలుగుసార్లు చేశాను. పూస చెవికి పెట్టుకోవాలంటే భయమేస్తంది. ఆ పాట దారిలో ఉందేమో నువ్వు చూసి చెప్పు."

హైమ ఆమె ముఖం వైపు చూసింది. అది తాంబూలానికి వాడే పలక. ఇంతవరకు దాన్ని ఎవరూ ఇది అడగలేదు.

"చూడక్కా."

హైమ పూసను పలకకు ఆనించింది. పలక ఖాళీగా ఉంది.

"ఏమీ లేదు."

"సరిగ్గా చూసినావా?"

"చూశాను. ఏమీ రావట్లేదు నీకు."

ఆ అమ్మాయి ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, విని, కళ్లు మూసుకుంది. "స్నానం చేస్తన్నాడట, ఎదవ" అంది. ఈసారి చాలామంది నవ్వారు. కానీ ఆమె పక్కకు తప్పుకునేసరికి వెనక ఇంకొకామె నిలబడి ఉంది. ఆమె వెనక, ఇందాక మాట్లాడిన ముందు వరస ఆయన. ఆయన వెనక మరో నలుగురు. గోడల దగ్గరవాళ్లు కూడా వచ్చి వరసలో కలిశారు. తాంబూలం ఎవరూ అడగలేదు.

హైమ ఒక్కొక్కరి పూసా ఆనించింది. ఒక్కొక్కరికీ "ఏమీ లేదు" అని చెప్పింది. కొందరు "థాంక్స్ అమ్మా" అన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె తల దించుకుంది. ఒక ముసలాయన "రేపు కూడా ఇక్కడే ఉంటావా?" అని అడిగాడు. ఉండనని చెప్పింది. "మరి రేపెవులిని అడగాల?" అన్నాడు. ఆమె తర్వాతివారి పూస అందుకుంది. సీతాపతి డ్రమ్స్ విప్పి సంచుల్లో సర్దాడు.

వరస చివర నూకరాజు నిలబడి ఉన్నాడు. అతని వంతు వచ్చేసరికి హాల్లో ఇంకెవరూ లేరు. అతను పూస ఇచ్చాడు. హైమ దాన్ని పలకకు ఆనించింది. ఇద్దరూ చూశారు.

పలక ఖాళీగా ఉంది. సముద్రం మీద ఉన్నవారి చెవిపూసలు ఒడ్డుకు అందే దూరంలోకి వచ్చాకే కబురు ఇస్తాయి. ఆ రాత్రికి పోలయ్య పడవ ఆ దూరంలోకి ఇంకా రాలేదు.