మూఢంలో రండి

“మద్రాసు నించి బాసికాల పెట్టె వచ్చి వారమైంది. మొగల్తూరు నించి పోస్టుకార్డు ముక్క లేదు. ఇంకా ఎన్నాళ్ళు చూస్తాం నాన్నా?”

బుల్లిబాబు ఈ మాట నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నాడు. రాత్రీ అన్నాడు. ఇవాళ పొద్దున్నే ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చుని మళ్ళీ అదే అందుకున్నాడు.

“పెళ్ళికి ప్లాస్టిక్ బాసికాలేంట్రా? నుదుట కట్టుకునేది,” అంది తల్లి నాగరత్నం, ఆవిడా నిన్నటి మాటే.

“ఒకసారి చూడమ్మా, ఎంత మెరుస్తున్నాయో!”

“మెరిసేవే కావాలనుకునేవాడివైతే మరి ఆ గాజువాక సంబంధం వదులుకుని ఈ పిల్లనెందుకు చేసుకున్నావు?”

“అత్తయ్యగారూ, మధ్యలో నన్ను లాగుతారేంటండీ?” అంది కోడలు, చట్నీ గిన్నెతో వస్తూ.

వెంకటరత్నంగారిది రాజమండ్రి బజారులో పెళ్ళిసామాన్ల కొట్టు. పసుపుకొమ్ముల నించి అడ్డుతెర దాకా అన్నీ దొరుకుతాయి. బాసికాలు మాత్రం ఆయన తండ్రి నాటి నించీ మొగల్తూరులో చిట్టియ్యగారి ఇంటి నించే వస్తున్నాయి. జీలుగు బెండు చెక్కి, పూసలు కుట్టి, చిట్టియ్య, ఆయన భార్య, కూతురు ముగ్గురే చేస్తారు. దూరపు చుట్టరికం కూడా ఉంది. ఈ వైశాఖంలో మాత్రం ముహూర్తాలు నెత్తిమీదికొచ్చినా సరుకు రాలేదు.

“మనవాళ్ళే కదా అని మొహమాటపడితే కొట్టు నడవదు,” అన్నారు వెంకటరత్నంగారు చివరికి. “ఒరే ప్రసాదూ! నీకా ఇల్లు తెలుసుగా. ఇవాళే బయల్దేరు. సరుకుంటే పట్టుకురా. లేదంటే, ఇకమీదట మాకొద్దని మర్యాదగా చెప్పేసి రా.”

“నేనా?” అన్నాడు నాగేశ్వరప్రసాదు.

“నీ విమానాలకి బెండు కావాలంటే పరిగెత్తుకుంటూ పోతావుగా!”

“మరిదిగారి నోట్లో ఇడ్లీ ఆగిపోయింది, చూడండి,” అంది వదిన.

నిజంగానే ఆగిపోయింది.

*

ప్రసాదు కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. అతని పిచ్చి చిన్న విమానాలు. రబ్బరు బ్యాండు మెలితిప్పి వదిలితే గదిలో ఒక చుట్టు తిరిగి దిగేవి. పుస్తకాల్లో బాల్సా అనే కర్రతో చెయ్యమని రాసి ఉంటుంది. అది మద్రాసులోనే దొరకదు, ఇక రాజమండ్రిలో ఎక్కడ దొరుకుతుంది? ఒకరోజు కొట్టులో తెగిపోయిన బాసికం ఒకటి చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయాడు. అంత పెద్ద ముక్కకి బరువే లేదు.

అలా రెండేళ్ళ కిందట, మాఘమాసం మధ్యలో మొదటిసారి మొగల్తూరు వెళ్ళాడు.

అరుగు మీద ఒకమ్మాయి తల వంచుకుని బెండుకాడని కత్తికి ఆనించి తిప్పుతోంది. కాడలోంచి తెల్లటి రేకు పొర చిరగకుండా విప్పుకుంటూ వస్తోంది.

“అచ్చం ఆత్రేయపురం పూతరేకులా ఉందండీ!” అన్నాడు.

“తినకండి మరి,” అంది తలెత్తకుండా. “ఏం కావాలి?”

“ఇలాంటి రేకులే కావాలండీ. అర్జెంటు.”

“ఎవరి పెళ్ళండీ?”

“పెళ్ళి కాదండీ, విమానం.”

అప్పుడు తలెత్తింది. ఆ చూపు ప్రసాదుకి ఇప్పటికీ గుర్తే. పిచ్చివాణ్ణి చూసినట్టు కాదు. పిచ్చివాడో కాదో తేల్చుకుంటున్నట్టు.

“ఆ విమానానికి ముహూర్తం ఏమైనా పెట్టారా?”

“లేదండీ.”

“అయితే ఆగుతుంది. ఇక్కడ లగ్గాలు ఆగవు. మూఢంలో రండి.”

మళ్ళీ తల వంచేసింది. ఆ అమ్మాయే సత్యలక్ష్మి, చిట్టియ్యగారి రెండో కూతురు.

ఇంటికొచ్చి, “అమ్మా, మూఢం ఎప్పుడొస్తుంది?” అని అడిగాడు ప్రసాదు. నాగరత్నం గుండెలు బాదుకుంది. మూఢమంటే ముహూర్తాలుండవు, కొట్టులో ఈగలు తోలుకోవడమే. పెళ్ళీడు కుర్రాడు అడగవలసిన ప్రశ్నేనా అది?

అతను మాత్రం ఆగాడు. మూఢంలో వెళ్ళాడు. ఒక చిన్న కట్ట ఇచ్చింది. “ఇంతేనా?” అన్నాడు. “ఇంతే. మీ విమానం ఎగిరితే మళ్ళీ చూద్దాం,” అంది. తరవాతిసారి వెళ్ళేసరికి రేకులు వేరువేరుగా ఏరి కట్టి ఉన్నాయి. “ఇవి రెక్కలకి. ఇవి కాస్త మందం, నడుముకి వాడుకోండి. ఇది అడుగున మచ్చపడింది, పారేసే బదులు తోకకి పెట్టుకోండి.”

అతను చెప్పలేదు. ఆమే ఆలోచించి పెట్టింది. ఎన్ని షాపుల్లో ఎన్ని కొన్నాడో గాని, తన పిచ్చి గురించి ఇంత ఆలోచించి ఒక వస్తువు చేతికిచ్చినవాళ్ళు లేరు. వచ్చేటప్పుడు రైలంతా ఆ కట్టని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

*

ఇప్పుడు అదే రైలు. నిడదవోలులో మారి, నరసాపురంలో దిగి, బస్సెక్కి మొగల్తూరు చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. దారంతా నాన్నగారి మాటని మర్యాదగా ఎలా చెప్పాలా అని వాక్యాలు పేర్చుకున్నాడు. ఏ వాక్యం పేర్చినా చివర సత్యలక్ష్మి మొహమే కనిపించింది. కొట్టుకి సరుకు మానేస్తే వాళ్ళకి ఏడాదంతా ఎలా గడవాలి? తను ఏ మొహం పెట్టుకుని మళ్ళీ ఆ అరుగెక్కాలి?

వాకిట్లో బెండుకాడలు ఆరబోసి ఉన్నాయి. అన్నీ పసుపు మరకలే.

“చైత్రంలో పడ్డ వాన బాబూ,” అన్నారు చిట్టియ్య, తప్పు తనదైనట్టు. “తాటాకు కప్పు కారింది. బెండంతా ఇలా అయింది. మచ్చబెండు పెళ్ళివాళ్ళ నుదుట ఎలా కట్టమంటారు? మంచిది దొరుకుతుందేమోనని ఊళ్ళన్నీ తిరుగుతున్నాను.”

“ఒక్క కార్డు ముక్క రాయకపోయారా?”

“దొరికాక, దొరికిందని రాద్దామని...”

మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది సత్యలక్ష్మి. “మాకు సరుకు మానిపించడానికి వచ్చారా?” అంది సూటిగా.

“సరుకు తీసుకెళ్ళడానికి వచ్చాను.”

“లేకపోతే?”

ప్రసాదు మజ్జిగ తాగాడు. గ్లాసు ఖాళీ అయినా దింపలేదు.

ఆమె లోపలికెళ్ళింది. అటక మీంచి రేకుపెట్టె ఒకటి దింపి, తెచ్చి అరుగు మీద తెరిచింది. నిండా బెండుకాడలు, చెక్కిన రేకులు. మల్లెపూవంత తెలుపు.

“ఎక్కడివే ఇవి?” అన్నారు చిట్టియ్య తెల్లబోయి.

“సంక్రాంతి వెళ్ళాక వచ్చిన బెండులో మంచివన్నీ ఏరి దీన్లో పెట్టాను నాన్నా. వాన దీన్లోకి పోలేదు.” గొంతు తగ్గింది. “మూఢంలో విమానంగారికి ఇస్తానని మాటిచ్చాను. మాట తప్పి తియ్యనా, ఊరుకుని మీరు తిరుగుతుంటే చూడనా అని నాలుగు రోజులుగా చస్తున్నాను.”

చిట్టియ్య కూతురి వంక చూశారు. ప్రసాదు వంక చూశారు. తుమ్మ జిగురు తడపాలంటూ లోపలికి వెళ్ళిపోయారు.

“బాసికాలకి తియ్యండి,” అన్నాడు ప్రసాదు.

“మరి మీ రెక్కలు?”

“ఆగుతాయి. వాటికి ముహూర్తం లేదుగా.”

సత్యలక్ష్మి నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని కత్తి అందుకుంది.

*

ఆ పూటా, మర్నాడూ నలుగురూ అరుగు మీదే ఉన్నారు. సత్యలక్ష్మి తల్లి పూసలు గుచ్చింది. చిట్టియ్య ఆకారాలు చెక్కారు. రెక్కలు కోసిన చెయ్యేనని ప్రసాదు కూడా ఒక కత్తి అడిగి తీసుకున్నాడు. మొదటి ముక్క చూసి సత్యలక్ష్మి పెదవి బిగబట్టింది.

“ఏంటండీ?”

“ఏం లేదు. మా అక్క పెళ్ళి బాసికం గుర్తొచ్చింది.”

“అంత బాగుందా?”

“అంత వంకర! ఆడపిల్ల బాసికం పుట్టింట్లో చెయ్యకూడదని మా ఆచారం. మగపెళ్ళివారే తెచ్చుకోవాలి. బావగారు భీమవరంలో ఎక్కడో కొన్నారు. ఊరందరికీ చేసేవాళ్ళ పిల్లకి ఆ బాసికం! ఫోటోల్లో అక్క ఒక పక్కకి వాలిపోతున్నట్టుంటుంది.”

“మరి మీకో?”

“ఎవరు తెస్తారో, ఎలాంటిది తెస్తారో! నా నుదుటి రాత.”

ప్రసాదు కత్తి సరిగ్గా పట్టుకుని ఇంకో ముక్క అందుకున్నాడు. ఆ తరవాత కోసిన ముక్కలు మాత్రం ఒక్కటీ వంకరపోలేదు.

*

సరుకు కొట్టు చేరింది. పెళ్ళికూతుళ్ళ తల్లులు మద్రాసువీ చూశారు, మొగల్తూరువీ చూశారు. బెండు బాసికం వేళ్ళమధ్య పెట్టుకుని, “ఇదే ఇవ్వండి, పిల్లకి బరువుండదు,” అన్నారు. బుల్లిబాబు నాలుగు రోజులు గొణిగి, మద్రాసు పెట్టెని పై అరలోకి తోసేశాడు.

వాన సంగతి ప్రసాదు దాచకుండా చెప్పాడు. “మనం ముహూర్తాలు దగ్గరపడ్డాక అడుగుతున్నాం నాన్నా. ముగ్గురే మనుషులు. మూఢంలోనే చెబితే వాళ్ళకీ కాస్త ఊపిరాడుతుంది.”

“నీకింత కొట్టుజ్ఞానం ఎప్పుడొచ్చిందిరా?” అన్నారు వెంకటరత్నంగారు. కాదని మాత్రం అనలేదు.

జ్యేష్ఠంలో మూఢం పడింది. దాని వెనకే ఆషాఢం, మొదటి వాన. ప్రసాదు మొగల్తూరు చేరేసరికి గొడుగు ఉన్నా సగం తడిసిపోయాడు.

“ఈసారి రేకులు లేవండీ,” అంది సత్యలక్ష్మి అరుగు మీంచి. “ఉన్నవన్నీ మీచేతే కోయించాం.”

“రేకుల కోసం రాలేదు.”

“మరి?”

“కొలత కావాలి.”

“దేని కొలత?”

“మీ నుదుటి కొలత.”

కొత్త తాటాకు కప్పు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆమె వాటివంకే చూస్తూ కూర్చుంది. తరవాత పక్కనున్న దారపుండ అందుకుంది. పోగు లాగి, ఈ కణత నించి ఆ కణత దాకా పట్టుకుని, పళ్ళతో తెంపి, అతని అరచేతిలో పెట్టింది.

“మా నాన్నకి నేను చెప్తాను,” అంది. “మీ ఇంట్లో మీరు చెప్పుకోండి. వంకరపోయిందో, ఒప్పుకోను.”

ప్రసాదు దారాన్ని చుట్టి జేబులో పెట్టుకున్నాడు. “సత్యలక్ష్మిగారూ, మొదటిరోజు నన్ను మూఢంలో రమ్మని వెనక్కి పంపించినందుకు థాంక్సండీ,” అన్నాడు.

“అడగ్గానే ఇచ్చేసి ఉంటే?”

“కట్ట తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి.”

*

ఆ రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. నాగరత్నం పప్పు వడ్డిస్తోంది. వెంకటరత్నంగారు శ్రావణమాసం ముహూర్తాలు వేళ్ళమీద లెక్కేసుకుంటున్నారు.

“బుల్లిబాబూ, రేపే చిట్టియ్యకి కార్డు రాయి. పోయిన శ్రావణంలో ఎన్ని జతలు తెప్పించామో అన్నే చెయ్యమను.”

“ఒక జత తగ్గించి రాయన్నయ్యా,” అన్నాడు ప్రసాదు.

“ఎందుకు?”

“ఆ జత నేను చేస్తాను.” అన్నం కలుపుతూ, తలెత్తకుండా, మామూలుగా అన్నాడు. “సత్యలక్ష్మి వాళ్ళింట్లో ఆడపిల్ల బాసికం పుట్టింటివాళ్ళు చెయ్యరట. మగపెళ్ళివారే తేవాలట.”

గరిటె పట్టుకున్న నాగరత్నం చెయ్యి ఆగిపోయింది. వదిన బుల్లిబాబుని మోచేత్తో పొడిచింది.

“వరస కలుస్తుందిలే,” అంది నాగరత్నం మెల్లిగా, తనలో తను అనుకుంటున్నట్టు. మాటతోపాటు గరిటెడు పప్పు చిన్నకొడుకు కంచంలో పడింది, అతను అడక్కుండానే.

వెంకటరత్నంగారు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు.

“మూఢం వెళ్ళేదాకా ఆగాలి మరి.”

“ఆగుతాం నాన్నా,” అన్నాడు ప్రసాదు. “మా ఇద్దరికీ అలవాటే.”