ఎవరెట్ కలిపిన పాళ్ళు

శనివారం పొద్దున థాడియస్ గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ కలుపుతూ, వంటింట్లోకి వచ్చిన కూతురిని చూసి నవ్వాడు.

"లేచావా, యూనియన్ దొరసానీ! నా మోకాళ్ళు నలభై ఏళ్ళు ఉత్తపుణ్యానికి అరిగాయి. నీకైతే జీతమిచ్చి మరీ అరగదీస్తున్నారు."

"ఏడిపించకు నాన్నా. తిని పద, ఎండెక్కకముందే పెరట్లో కాంక్రీటు పోసేద్దాం," అంది రెనీటా.

కార్మిక యూనియన్ జీతమిచ్చి నేర్పే కాంక్రీటు పని శిక్షణలో ఆమెకది రెండో ఏడు. థాడియస్ కుర్రతనంలో ఇలాంటి శిక్షణ కోసం మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ యూనియన్ వాళ్ళు అతని నల్లని ముఖం చూసి తలుపేశారు. ఇతరుల చేతులు చూసి నేర్చుకున్నదే అతని చదువు.

పది గంటలకల్లా పెరటి గడప ముందు కాంక్రీటు పోసి చదును చేశారు. పైన నీరు తేలి మెరుస్తోంది. థాడియస్ బకెట్లో కుంచె ముంచాడు.

"నీళ్ళు చల్లకు నాన్నా."

"చల్లకపోతే తాపీ ఎలా జారుతుందే?"

"ఆ మెరుపు పోయేదాకా ఆగాలి. నీళ్ళు చల్లి రుద్దితే పైపొర బలహీనపడి, రెండు చలికాలాల మంచుకే పెచ్చులూడుతుంది. మొదటి నెలలోనే చెప్పారు మాకు."

"నీ నెల చదువు నా నలభై ఏళ్ళకి పాఠం చెబుతోందా?"

"మరి నువ్వు చేసిన చర్చి మెట్లెందుకు ఊడాయి?"

అన్నాక రెనీటాకి గెలిచినట్టనిపించింది. మరుక్షణమే నాలుక కరుచుకుంది. ఆ మెట్లకి కాంక్రీటు కలిపింది బాబాయి ఎవరెట్. సిమెంటు కాజేసి పాళ్ళు తగ్గించాడని, చర్చి జనమంతా చూస్తుండగా థాడియస్ తమ్ముణ్ణి దొంగన్నాడు. పదకొండేళ్ళు మాటల్లేవు. మొన్న చలికాలంలో ఎవరెట్ పోయాడు.

"పాళ్ళు తగ్గినా అలాగే ఊడుతుందా?" మెల్లగా అడిగాడు థాడియస్.

అవునంటే చాలు, అతనికి ఊపిరాడుతుంది. అబద్ధం కూడా కాదు.

"ఊడొచ్చు నాన్నా."

అతను తల అడ్డంగా ఊపాడు. "వాడు పాళ్ళు తప్పేవాడు కాదు తల్లీ. ఆ రోజూ నాకు తెలుసు. లోపం నా చేతిలో ఉందేమోనని భయమేసింది. వాడి మీద అరిస్తే ఆ భయం తగ్గింది." కుంచె బకెట్లో పడేసి అన్నాడు, "మీ బాబాయి ఇంటికి, గ్లోరియా పిన్నికి ఫోన్ కలుపు."

రెనీటా ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి అతని ముందు పట్టుకుంది.

"గ్లోరియా, నేను థాడియస్‌ని. ఎవరెట్ దొంగతనం చెయ్యలేదు. మెట్లు పాడుచేసింది నేనే."

"ఈ ఒక్క మాట కోసం ఆయన చివరిదాకా ఎదురుచూశారు బావగారూ," అంది గ్లోరియా. "సాయంత్రం భోజనానికి రండి. నా కొడుకుల ముందు ఇదే మాట చెప్పండి. ఫోన్‌లో కాదు."

థాడియస్ గోడకి జారగిలబడి కూలబడ్డాడు. రెనీటా అతని పక్కన కూర్చోబోయి, కాంక్రీటు వైపు చూసింది. మెరుపు పోయింది. ఇప్పుడు చెయ్యి పెట్టకపోతే మరి లొంగదు.

తండ్రి భుజం ఒక్కసారి గట్టిగా నొక్కి, వెళ్ళి మోకాళ్ళ మీద వంగింది. వెనక అతని ఏడుపు వినిపిస్తున్నా తాపీ ఆపలేదు.