చెరిగిన హెచ్చరిక

"నేను చెరపలేదండి. జైలుకు పోతే నా పాపని చూసేవాళ్లు లేరు."

తెనాలిలో డిటెక్టివ్ సీతారామాంజనేయులు ఆఫీసులోకి వస్తూనే బ్లెస్సీ అన్న మాట అది. రేపల్లెలో ఓ చిన్న నర్సింగ్ హోంలో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. అక్కడి రిసెప్షన్ గుమాస్తా జకరయ్య భార్య రాజమ్మ, పోయిన వారం జ్వరంతో స్పృహ లేని స్థితిలో అక్కడే చేరి, పెన్సిలిన్ ఇంజెక్షన్ చేసిన కాసేపటికే చనిపోయింది. ఆమెకు పెన్సిలిన్ పడదు. జకరయ్య అప్పుడు మందుల కోసం తెనాలి వెళ్లాడు. కంప్యూటర్‌లో ఉండాల్సిన హెచ్చరిక లేదు. మార్పు బ్లెస్సీ పేరు మీద నమోదైంది.

"చర్చిలో పాటల దగ్గర ఆవిడకీ నాకూ మాట పెరిగిందండి. ఆ కక్షతో చంపానంటున్నాడు జకరయ్య బాబాయ్. సాయంత్రం కేసు పెడతాడంట."

బ్లెస్సీ భర్త పోయి ఏడాది తిరగలేదు. అసలే గోరుచుట్టు, పైన రోకటిపోటు. అసిస్టెంట్ అమీర్‌కు జాలేసింది. ముగ్గురూ ముసురులోనే రేపల్లె రైలెక్కారు.

"ఇంకెవరి హెచ్చరికైనా చెరిగిందా?" అడిగాడు ఆంజనేయులు.

"లేదండి, ఆవిడదొక్కటే. తెరవగానే వచ్చేది ఆవిడ పేజీయేనండి. సాఫ్ట్‌వేర్ పెట్టినరోజు బోణీ మా ఇంటిదాని పేరుతోనే అని బాబాయ్ పట్టుబట్టాడు."

"పొద్దున తెరిచేదెవరు?"

"బాబాయే, నా పాస్‌వర్డ్‌తో. నేను పాపని బడిలో దింపి వస్తాను."

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన హేమంత్ బాపట్లలో ఉంటాడు. ఆంజనేయులు ఫోన్ చేశాడు.

"ఈమధ్య ఏమైనా మార్చారా?"

"హెచ్చరిక అన్నిటికంటే పైన కనపడాలన్నారండి డాక్టరుగారు. ఆవిడ చనిపోయిన ముందురోజే పైకి జరిపాను. అంతకుముందు అక్కడ పేరు వెతికే ఖాళీ గడి ఉండేది."

"సేవ్ చేయమంటారా అని అడుగుతుందా?"

"అడగదండి. వేరే పేషెంటు పేజీకి వెళితే దానంతటదే సేవ్ అయిపోద్ది."

ఆంజనేయులు ఫోన్ పెట్టేశాడు. గురువుగారికి చిక్కుముడి వీడిందని అమీర్‌కు అర్థమైంది. కానీ ఆ మొహంలో ఎప్పుడూ ఉండే వెలుగు లేదు.

సాయంత్రం డాక్టర్ స్వర్ణలత, నర్సులు, బ్లెస్సీ రిసెప్షన్ దగ్గర చేరారు. హేమంత్ చేత ఆ హెచ్చరికను మళ్లీ పెట్టించారు.

"జకరయ్యగారూ, రోజూ ఎలా తెరుస్తారో అలాగే తెరవండి."

జకరయ్య కూర్చున్నాడు. పేజీ వస్తుండగానే అలవాటు చొప్పున కళ్లు మూసుకుని ప్లస్ మీట నొక్కాడు. ఏ కాగితం మొదలుపెట్టినా దాని నెత్తిన సిలువ గుర్తు వేసే మనిషి. ప్రార్థన ముగించి, కళ్లు తెరిచి, గుర్తు చెరిపి, తర్వాతి పేషెంటు పేజీకి వెళ్లాడు.

"ఇప్పుడు వెనక్కి రండి," అన్నాడు ఆంజనేయులు.

రాజమ్మ పేజీలో హెచ్చరిక లేదు.

"పేజీ తెరవగానే పై గడిలోని మాటలన్నీ ఎంపికై ఉంటాయి. ఒక్క మీట నొక్కితే అవన్నీ పోయి ఆ గుర్తే మిగులుతుంది. ఇన్నాళ్లూ అది ఖాళీ గడి కాబట్టి నష్టం లేకపోయింది. ఆ రోజు తెనాలి వెళ్లేముందు కూడా ఇలాగే తెరిచారు. ముందురోజు గడి మారిన సంగతి ఈయనకు ఎవరూ చెప్పలేదు. మంచికి పోతే చెడు ఎదురైంది."

డాక్టర్ తల దించుకుంది. అమీర్ తన గురువును మెచ్చుకోలేకపోయిన కేసు ఇదొక్కటే.

"నేను చేసింది ప్రార్థనండి," అన్నాడు జకరయ్య.

"అవునండి."

బ్లెస్సీ వెళ్లి అతని భుజం పట్టుకుంది. "ఇంటికి పోదాం రా బాబాయ్."

జకరయ్య లేవలేదు. "నీ మీద కేసు పెట్టనమ్మా," అన్నాడు. "నా మీద ఎవరు పెడతారు?"