గుండ్రటి బల్లకి తల ఎటు?

"ముందు ఆ బొంతలు బయటికి పోవాలి," అంది సైకాల్, ఇంకా కోటైనా విప్పకుండానే.

బిష్కెక్‌లో ఏడో అంతస్తు, కొత్త ఫ్లాట్. ఖాళీ హాల్లో ఒక పాత భోషాణం, దాని మీద మనిషెత్తున బొంతల దొంతర. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా, చూసిన కళ్ళు చెదిరిపోయేలా. పక్కన ఓ పొడుగాటి యువకుడు కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాడు.

"బొంతలా, డిజైనరా అని అడిగితే మా నాయనమ్మ బొంతల్నే ఉంచుకుంటుందండీ," అన్నాడతను. "నా పేరు ఉలాన్. గుర్రాల డాక్టర్ని."

"అదే అనుకున్నా. ఇంటిని గుర్రపుశాల అనుకుంటున్నారు."

"గుర్రపుశాలే నయం. అక్కడ ఎవరి చోటేదో వాళ్ళకి తెలుసు."

సైకాల్ మాస్కోలో ఆరునెలల డిజైన్ కోర్సు చదివి నాలుగు మాటలు పట్టుకొచ్చింది. సమతూకం, లయ, ఖాళీ జాగా, చూపు నిలిచే చోటు. వాటిని ఎక్కడబడితే అక్కడ వాడేసేది. కర్బూజాలు కొనడానికి వెళ్ళి, పళ్ళ కుప్పకి సమతూకం లేదని బండివాడికి పాఠం చెప్పి వచ్చింది ఒకసారి. ఆ రోజు నుంచి వాడు ఆమెకి మాత్రం రెట్టింపు ధర చెబుతున్నాడు.

ఇల్లుగలావిడ కాలీచా నాయనమ్మ మాత్రం అడ్డు చెప్పలేదు. "చదువుకున్న పిల్ల, చెయ్యనీరా," అని మనవణ్ణి కసిరి ఊరుకుంది.

పని మొదలైంది. గోడలు బూడిదరంగు, సోఫా బూడిదరంగు, కర్టెన్లు ఇంకాస్త బూడిదరంగు. ఉలాన్ రోజూ సాయంత్రం ఎండు ఆప్రికాట్ల పొట్లంతో వచ్చేవాడు.

"ఈ రంగు పేరేంటండీ?"

"ఉదయపు పొగమంచు."

"మా వైపు దీన్ని గాడిద రంగంటారు."

సైకాల్‌కి ఒళ్ళు మండేది. ఆప్రికాట్లు మాత్రం ఒక్కటీ మిగిల్చేది కాదు. అతను రావడం పది నిమిషాలు ఆలస్యమైతే కిటికీ దగ్గర కొలతలు తీసే పని హఠాత్తుగా గుర్తొచ్చేది. ఆ కిటికీని అప్పటికి పద్నాలుగు సార్లు కొలిచింది.

అసలు గొడవ బల్ల దగ్గర వచ్చింది. హాలు నడిమధ్యన పెద్ద గుండ్రటి బల్ల. అటొక గుమ్మం, ఇటొక గుమ్మం.

"మరి తోర్ ఎక్కడ?" అన్నాడు ఉలాన్. గుమ్మానికి ఎదురుగా, గదికి అటు చివర, పెద్దవాళ్ళు కూర్చునే చోటు తోర్. అది లేని ఇల్లు అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"లేదు. ఉండదు. చిన్నప్పుడు పాతికమంది చుట్టాల్లో ఎప్పుడూ గుమ్మం పక్కన చలిగాలికి కూర్చోబెట్టేవాళ్ళు నన్ను. మాంసమంతా అటు, ఎముకలు ఇటు. నా గదిలో అందరూ సమానమే."

ఆ మాటకి అతను నవ్వలేదు. "అది అన్యాయమే," అన్నాడు నెమ్మదిగా. అన్నందుకు ఆమెకి అతను మరీ నచ్చేశాడు. మరీ నచ్చినందుకు కోపమొచ్చి, మర్నాడే భోషాణంతో సహా బొంతల్ని బాల్కనీలోకి నెట్టించింది.

ఆ సాయంత్రం వాన పడింది. చిటపట చినుకులు కాదు, బకెట్లతో కుమ్మరించినట్టు.

ఉలాన్ వచ్చేసరికి పై రెండు బొంతలు తడిసి ముద్దయ్యాయి. అతను వాటిని పిండుతూ ఆమె వైపు చూడలేదు.

"వీటిలో సగం మా అమ్మ కుట్టినవి. ఆవిడ పోయి ఆరేళ్ళు."

సైకాల్ బొంత రెండో కొస అందుకుంది. "చెప్పొచ్చు కదా!"

"నువ్వడిగావా? పొడుగెంతని అడిగావు, వెడల్పెంతని అడిగావు. నీ గదిలో మా అమ్మకి చోటు లేదు. ఇంక నాకెక్కడుంటుంది?"

అతను ఆమెని నువ్వు అనడం అదే మొదటిసారి. వెళ్ళిపోయాడు. పది రోజులు రాలేదు.

ఆ పది రోజుల్లో సైకాల్ ఎవరికీ పాఠం చెప్పలేదు. బొంతలు తనే ఆరబెట్టి, మడిచి, భోషాణంలో సర్దింది. పట్టనివి పైన పెట్టి మందపాటి గుడ్డ కప్పింది. ఒక్కో కుట్టు చూసి ఏడ్చింది. అతనంటే తనకి ప్రేమ అని స్పష్టంగా తెలిసింది. గృహప్రవేశం విందు అయిపోతే ఈ ఇంటికి రావడానికి ఇంక సాకంటూ ఉండదనీ తెలిసింది.

విందు రోజు పదమూడు మంది పెద్దలొచ్చారు. గది చూసి "అబ్బో" అన్నారు. అని అలాగే నిలబడిపోయారు.

"మీరు పైకి, తోర్ వైపు పదండి."

"అయ్యో, మీరుండగా నేనా! మీరే పదండి."

"వెళ్ళాలంటే, పైకి ఎటు?"

రెండు గుమ్మాలు, గుండ్రటి బల్ల. ఎటు పైనో, ఎటు కిందో ఎవరికీ అంతుబట్టలేదు. ముందు కూర్చుంటే తలబిరుసంటారు, కూర్చోకపోతే కాళ్ళు పీకుతున్నాయి. ఇద్దరు తోడల్లుళ్ళు ఒకే కుర్చీ చుట్టూ మూడుసార్లు తిరిగారు. అరగంట గడిచింది. మాంసం మీద కొవ్వు తెల్లగా పేరుకుంది.

అందరికంటే పెద్దాయన కర్ర మీద వాలి అడిగాడు. "అమ్మాయ్, ఈ బల్లకి తల ఎటు?"

"తల లేదు తాతా. అందరూ సమానమే."

"బాగుంది. మరి అందర్లోకీ పెద్దకి పెట్టే ఆ గొర్రెతల ఎవరి ముందు పెడతావు?"

గోడవార ఉలాన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సైకాల్ మొహం కందిపోయింది. ఒక్క క్షణం లిఫ్టు ఎక్కి పారిపోదామనుకుంది. కానీ పారిపోతే అతను మళ్ళీ కనబడడు. చరచరా బాల్కనీలోకి వెళ్ళి భోషాణం పట్టుకుని లాగింది. అది కదల్లేదు. రెండోవైపు ఎవరో ఎత్తారు.

"ఎక్కడ పెడదాం? డిజైనర్‌వి కదా, చెప్పు," అన్నాడు ఉలాన్.

"కిటికీల మధ్య, ఆ గోడకి. ఉలాన్... తప్పు నాదే."

"వినబడలేదు."

"చచ్చినా రెండోసారి చెప్పను."

బొంతలు ఆమే పేర్చింది, అతని అమ్మ కుట్టినవి పైన. బూడిదరంగు గదిలో ఆ ఎరుపు భగ్గుమంది. పదమూడు తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. పెద్దాయన నేరుగా వెళ్ళి బొంతల ముందున్న కుర్చీలో కూర్చున్నాడు. నిమిషంలో అందరూ వరసగా సర్దుకున్నారు.

"ఏదో అంటావే నువ్వు, చూపు నిలిచే చోటు," అన్నాడు ఉలాన్ చెవిలో.

"నోర్ముయ్."

మిగిలినవి రెండు చోట్లు. ఒకటి నాయనమ్మ పక్కన, అతిథిది. రెండోది వంటింటి వైపు, టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కన. అక్కడ ఇంటి కోడలు కూర్చుని టీ పోస్తుంది. ఆ ఇంట్లో కోడలు లేదు.

"ఎక్కడ కూర్చుంటావో నీ ఇష్టం తల్లీ," అంది నాయనమ్మ. ఉలాన్ చెవులు బొంతల కంటే ఎర్రబడ్డాయి.

సైకాల్ సమోవర్ వైపు నడిచింది. ఆడవాళ్ళ గుసగుసలు మొదలయ్యాయి. కానీ ఆమె కూర్చోలేదు. ఉలాన్ చొక్కా పట్టుకుని లాక్కొచ్చి సమోవర్ ముందు కూర్చోబెట్టింది. ఇంకో కుర్చీ లాగి అతని పక్కన తను కూర్చుంది.

"టీ నువ్వు పొయ్యి. నేను పక్కనుంటా."

తోడల్లుళ్ళు నోరెళ్ళబెట్టారు. నాయనమ్మ మాత్రం కడుపుబ్బా నవ్వింది. "ఇన్నాళ్ళకి ఈ గదిలో నాకు నచ్చిన సర్దుబాటు ఒకటి చేశావే!"

ఉలాన్ ఆమెనే చూస్తూ పోసేసరికి మొదటి టీ గిన్నె అంచుదాకా నిండిపోయింది. ఆమె ముందు పెట్టాడు. నిండు గిన్నె ఇస్తే, తాగి ఇంక బయల్దేరమని అర్థం. అది ఆ టేబుల్ దగ్గర అందరికీ తెలుసు.

సైకాల్ కనుబొమలెగరేసింది. "నన్ను పొమ్మంటున్నావా?"

అతను గిన్నె వెనక్కి తీసుకుని సగం వంచేశాడు.

"లేదు. ఉండిపొమ్మంటున్నా."