వెర్లీన్ ఇంటి చేతుల కుర్చీ

ఇలా దగ్గరికి జరగండి, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. మన వెర్లీన్ సంగతి చెబుతాను. చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో జబ్బుచేసినా అందరికంటే ముందు కూర గిన్నె పట్టుకెళ్ళే మనిషే. కానీ ఆ ఆగస్టు నెలంతా కడుపులో కుంపటి పెట్టుకు తిరిగింది.

ఆ రోజు గురువారం. పొద్దున్న ఆరింటికే ఎండ చురుక్కుమంటోంది. వెర్లీన్ పొయ్యిలోంచి బిస్కెట్ రొట్టెలు తీస్తుంటే, కిటికీలో రేడియోలో ఇద్దరు మగాళ్ళు బెల్‌ఫోర్డ్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గురించి వాదించుకుంటున్నారు. ముందు వరస కొండలా ఉందట. వెనక కుర్రాళ్ళు లేళ్ళలా పరిగెడతారట. మధ్యలో లైన్‌బ్యాకర్లే గాలికి కొట్టుకుపోయేలా ఉన్నారట. నిరుడు ఆడిన ముగ్గురూ చదువైపోయి వెళ్ళిపోయారు మరి. ముందు వరసని తోసుకుని బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడెయ్యాల్సింది వాళ్ళే కదా, ఆ చోటు తలుపు లేని గుమ్మంలా ఉందన్నాడు ఒకడు. ఆశంతా కొత్తగా వచ్చిన రషాద్ మీదే అన్నాడు రెండోవాడు.

వెర్లీన్ రేడియో టక్కున కట్టేసింది.

ఆమె కొడుకు డెస్మండ్ మూడేళ్ళు మైదానం పక్క బెంచీ మీద కూర్చున్నాడు, తన వంతు ఎప్పుడొస్తుందా అని. ఇది వాడికి ఆఖరి ఏడు. రషాద్ ఆమె ఆడపడుచు కొడుకు. వాడు చదివే కాలేజీలో జట్టు ఎత్తేస్తే జనవరిలో ఒక్క బట్టల సంచితో వచ్చి మేనమామ ఇంట్లో దిగాడు. ఒక్క సంచితో వచ్చినవాడు ఇల్లంతా నిండిపోయాడని వెర్లీన్‌కి మంట. ఎందుకంటే ఆమె మొగుడు ఓజెల్ ఒకప్పుడు అదే కాలేజీకి నడిమి లైన్‌బ్యాకర్. మోకాలు పోయి పాతికేళ్ళైంది గానీ నోరు పోలేదు. రోజూ రషాద్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆట వీడియోలు తిప్పి తిప్పి చూపించేవాడు. "బంతిని చూడకురా. ఎదుటి జట్టులో నీకు అడ్డొచ్చే గార్డు కాళ్ళు చూడు. బంతి అబద్ధమాడుతుంది, కాళ్ళు ఆడవు" అనేవాడు.

ఆ మాట డెస్మండ్‌కి పదేళ్ళప్పుడు పెరట్లో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాట. దాన్ని ఇంకొకడికి చెబుతుంటే వెర్లీన్‌కి తన పెళ్ళినాటి పళ్ళెం ఎవరో వాడుకుంటున్నట్టు ఉండేది. రషాద్ ఎన్ని రొట్టెలు తిన్నాడో లెక్క. ఎన్నిసార్లు నవ్వాడో లెక్క. ఓజెల్ వాడి భుజం ఎన్నిసార్లు తట్టాడో లెక్క. కన్నతల్లి కూడా బిడ్డని అంత కళ్ళు విప్పుకుని చూడదేమో.

అలా చూడబట్టే, సోమవారం ఒక సంగతి ఆమె కంటబడింది. రషాద్ ఎడంచేతివాటం కుర్రాడు. సోమవారం నుంచీ కుడిచేత్తో తింటున్నాడు.

ఈ గురువారం పొద్దున్న పాల సీసా ఎడంచేత్తో ఎత్తబోతే జారి బల్లంతా పాలయ్యాయి. చెయ్యి తడిగా ఉందత్తా అంటూ గుడ్డ అందుకున్నాడు. బల్ల కింద ఆ వేళ్ళని రెండో చేత్తో గిల్లుకోవడం ఆమె చూసింది. డెస్మండ్ కూడా చూశాడు. చూసి, తల వంచుకుని పళ్ళెంలోకి చూసుకున్నాడు. ఓజెల్ మాత్రం ఏమీ ఎరగనట్టు, ఈ ఏడు మన మధ్య గుమ్మానికి తలుపు దొరికిందోయ్ అని మేనల్లుణ్ణి చూసి మురిసిపోతున్నాడు.

ఇక సాయంత్రం. ఓజెల్ ఆడే రోజుల నుంచీ ఆగస్టు గురువారాలు లైన్‌బ్యాకర్లందరికీ భోజనం ఆ ఇంట్లోనే. కోచ్ కూడా వస్తాడు. బల్ల చివర ఒక చేతుల కుర్చీ ఉంటుంది, ఓజెల్ తండ్రి చేసింది. కోచ్ ఎవర్ని అందులో కూర్చోమంటే ఆ ఏడు వాడే నడిమి లైన్‌బ్యాకర్, ఆటలో మిగతావాళ్ళకి ఎటు కదలాలో కేకేసి చెప్పేది వాడే. కాలేజీలో బోర్డు మీద పేరు ఎక్కడం ఆ తర్వాతి సంగతి. పోయిన రెండు గురువారాలూ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. డెస్మండ్, రషాద్ ఇద్దరిలో ఎవరన్నది తేలక ఊరంతా తల బద్దలు కొట్టుకుంటోంది. వెర్లీన్ మాత్రం ఆ పొద్దున్నే కుర్చీకి నూనె రాసి, డెస్మండ్ కూర్చుంటే ఎలా ఉంటాడో ఊహించుకుంది.

తొమ్మిది మంది కుర్రాళ్ళు చెమటలు కక్కుతూ వచ్చారు. చేపల వేపుడు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, పీచ్ పళ్ళతో చేసిన తీపి బల్ల మీదికొచ్చాయి. ప్రార్థన అయ్యింది. కోచ్ గొంతు సవరించుకుని, కుర్చీకేసి చూపించి అన్నాడు:

"రషాద్. వెళ్ళి కూర్చో."

కుర్రాళ్ళు బల్ల గుద్దారు. ఓజెల్ కళ్ళు తుడుచుకున్నాడు. అన్నిటికంటే ఆమెని కాల్చింది ఏమిటంటే, డెస్మండే లేచి వాడి కోసం కుర్చీ వెనక్కి లాగాడు. రషాద్ కూర్చున్నాడు. వేపుడు చేపల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ వెర్లీన్ నోట్లోంచి మాట దానంతటదే జారింది.

"కోచ్ గారూ, ఆ పిల్లాడి ఎడంచెయ్యి పనిచెయ్యడం లేదు. ఈ చేపముక్క ఆ చేత్తో ఎత్తమనండి, చూద్దాం."

కోచ్ నెమ్మదిగా, ఏదీ ఎత్తు నాన్నా అన్నాడు. రషాద్ ఫోర్కు పట్టుకున్నాడు. అది గడగడ వణికి పళ్ళెంలో పడింది. ఎన్నాళ్ళ నుంచి అని కోచ్ అడిగితే, ఢీకొన్నప్పుడల్లా మెడ నుంచి వేళ్ళ దాకా నిప్పు పాకినట్టుంటుందని, రెండు వారాలైందని ఒప్పుకున్నాడు. కోచ్ తినకుండానే లేచి వాణ్ణి తన కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పిల్లలంతా ఒక్కొక్కరే టోపీలు పెట్టుకుని జారుకున్నారు. బల్ల మీద తీపి ఎవరూ ముట్టలేదు.

ఓజెల్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు పెంచలేదు, అందుకే ఆమెకి భయమేసింది.

"వాడి మెడ కోసం చెప్పావా, నీ కొడుకు కుర్చీ కోసం చెప్పావా?"

"వాడి మెడ బాగానే ఉందంటావా? చెప్పడం తప్పంటావా?"

"చెప్పడం తప్పనలేదు. ఎప్పుడు చూశావు?"

ఆమె గుడ్డ అందుకుని పొయ్యి తుడవడం మొదలుపెట్టింది.

"చెప్పు వెర్లీన్. ఎప్పుడు చూశావు?"

"సోమవారం."

"సోమ, మంగళ, బుధ. మూడు రోజులు వాడు ఆ మెడతోనే గుద్దుకున్నాడు. కుర్చీ డెస్మండ్‌కి వచ్చుంటే ఇవాళ కూడా చెప్పేదానివి కాదు."

అప్పుడు డెస్మండ్ లోపలికొచ్చాడు. "అమ్మనొక్కదాన్నే అనకు నాన్నా. నాకు పదిరోజులుగా తెలుసు. నేను చెబితే కుర్చీ కోసమే చెప్పాడంటారని నోరు మూసుకున్నా. నా మంచిపేరు కోసం వాడి మెడని వదిలేశా." అని, ఆ పెద్ద ఒళ్ళంతా కుదించుకుని నేల మీద కూలబడ్డాడు. ఓజెల్ గోడకి ఆనుకున్నాడు. రోజూ పక్కనే కూర్చుని ఎవరెవరి కాళ్ళో చూడమని చెప్పిన మనిషి, పక్కనున్న చేతిని చూడలేదు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

శనివారం పొద్దున్నకి మెడకి స్కాన్ తీసిన ఫలితం వచ్చింది. మెడ ఎముకల్లో నరం దారి ఇరుకట. ఇంకో దెబ్బ అడ్డంగా తగిలితే చెయ్యితో పోయేది కాదట. ఈ ఏడు ఆట లేదు. మళ్ళీ ఎప్పుడైనా ఉంటుందో లేదో కూడా డాక్టరు చెప్పలేదు.

రషాద్ మెడపట్టీతో వెనక మెట్ల మీద కూర్చున్నాడు. వెర్లీన్ వెళ్ళి పక్కన కూర్చుంది. తెచ్చిన పీచ్ పండు చేతిలోనే ఉండిపోయింది.

"నీ మంచి కోరి చెప్పలేదురా నేను," అంది. "ఓర్వలేక చెప్పాను. మూడు రోజులు దాచిపెట్టి, నీకు బాగా తగిలే సమయం చూసి చెప్పాను. నీకు తెలియాలి."

"తెలుసత్తా. నేను తినే ప్రతి రొట్టే నువ్వు లెక్కపెడతావని జనవరి నుంచీ తెలుసు."

ఆమె తల దించుకుంది. వాడు మెట్టు పక్క గడ్డిపరక ఒకటి తెంపాడు.

"మావయ్య రోజూ నా ఆట చూశాడు. కోచ్ చూశాడు. ఊరంతా చూసింది. నేను ఏ చేత్తో తింటున్నానో నువ్వొక్కదానివే చూశావు." వాడు మెడపట్టీ సర్దుకున్నాడు. "కోపం పోలేదత్తా. రేపూ ఉంటుందేమో."

"ఉండనీ. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుండనీ. ఇక్కడే ఉండి కోప్పడు."

మెడ తిప్పలేడు కదా, వాడు ఒళ్ళంతా ఆమె వైపు తిరిగి ఏడ్చాడు. ఆమె పండు ముక్కలు కోసి వాడి కుడిచేతి పక్కన పెట్టింది.

మరుసటి గురువారం కోచ్ కుర్చీ డెస్మండ్‌కి చూపించాడు. ఎవరూ బల్ల గుద్దలేదు. డెస్మండ్ ఇంకో కుర్చీ తెచ్చి తన పక్కనే వేశాడు. రషాద్ దాంట్లో కూర్చుని, తినేంతసేపూ వాడి చెవిలో, బంతిని చూడకు బావా, కాళ్ళు చూడు అని సణుగుతూనే ఉన్నాడు. వెర్లీన్ ఇద్దరి పళ్ళేల్లోనూ రొట్టెలు వేసింది. ఎన్ని వేసిందో ఈసారి లెక్కపెట్టుకోలేదు.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీ పిల్లలకి చెప్పండి. చెప్పేటప్పుడు వెర్లీన్‌ని మంచిదాన్ని చెయ్యకండి, ఆమే వద్దంది. మూడు రోజులు దాచిందని చెప్పండి. ఆ తర్వాత మెట్ల మీదికి వెళ్ళి తన నోటితో ఒప్పుకుందని కూడా చెప్పండి.