ఎర్రతాడు బర్రెలు

బర్రె తేన్పును కొలవడానికి జీతమిచ్చి మనిషిని పంపుతారంటే చిలుకూరులో ఎవరూ నమ్మలేదు. వీరేశం అసలే నమ్మలేదు. మొదటిరోజు ఉమారాణి పిస్తోలులాంటి మిషన్‌ను బర్రె మూతికి గురిపెట్టగానే కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు.

“మా బర్రె ఏం తప్పు జేసింది మేడమ్?”

“తేన్పుతున్నది. ఆ గాలిల మీథేన్ ఉంటది. దాంతోని లోకం వేడెక్కుతున్నది.”

“మా తాత బర్రె తేన్పితే మేళ్లచెరువు సిమెంటు దుమ్ము లేచి కోదాడ మీద పడేదట. అప్పుడెవరు రాలే.”

ఆమె నవ్వలేదు. సూర్యాపేటలో ఆరింటి బస్సు ఎక్కి, కోదాడలో దిగి, షేర్ ఆటోలో ఒక కాలు బయటపెట్టి వచ్చిన మనిషికి నవ్వడానికి ఓపిక ఎక్కడిది?

పని చూస్తే చిన్నదే. ఎనిమిది బర్రెలు. నీలంతాడు కట్టిన నాలుగింటికి దాణాలో వాము, మెంతులు, కరక్కాయ కలిపిన పొడి. ఎర్రతాడు నాలుగింటికి ఉత్త దాణా. మూడు నెలలకు నీలంవాటి తేన్పులో మీథేన్ ఎర్రవాటికంటే తగ్గాలి. తేడా రాకపోతే ప్రాజెక్టు మూత, దాంతోపాటే ఉమారాణి ఉద్యోగం.

రెండుపూటలా దాణా కలిపేది వీరేశం, కొలిచేది ఉమారాణి. వాన వస్తే గొడుగు తెచ్చి మిషన్ మీద పట్టేవాడు. ఆమె మాత్రం తడిసేది.

“నేను కనిపిస్తలేనా?”

“మిషన్ తడిస్తే మీరు ఏడుస్తరు. మీరు తడిస్తే మిషన్ ఏడువదు గద మేడమ్.”

తొంభయ్యో రోజు సన్నగా వాన. ఉమారాణి బోర్లించిన బకెట్ మీద కూర్చుని అంకెలు రెండుసార్లు కూడింది. మూడోసారికి ఓపిక లేక పుస్తకం మూసింది.

“తేడా లేదు వీరేశం. ఇగ ఖతం. రేపటి నుంచి రాను.”

అతని చేతిలో గొడుగు పక్కకు వాలింది.

“మందు పనిచెయ్యలేదా?”

“నీలంవాటికి తగ్గింది. ఎర్రవాటికీ అంతే తగ్గింది. మందు తినకుండ ఎట్ల తగ్గుతది?”

వీరేశం ఎర్రతాడు బర్రె వీపు మీద లేని ఈగను తోలాడు.

చెంబుతో పాలు పిండడానికి వచ్చిన అతని తల్లి లింగమ్మ ఆగింది. “సెప్పరాదురా. దొంగతనం జేసినవా ఏంది? ఒకటి తింటుంటే పక్కదాన్ని సూసుకుంట నిలబడుమంటమా బిడ్డా? దిష్టి తగుల్తది, పాలు విరుగుతయ్. వీడే కోదాడ పోయి అవే సరుకులు తెచ్చి దంచి ఎర్రవాటికి పెట్టిండు.”

“ఎప్పటి నుంచి?”

“రెండో రోజు నుంచి,” అన్నాడు వీరేశం. “మీ పొడి ముట్టలే. వాసన సూసి అట్లనే జేసిన. ఎర్రతాడుది నా మొఖం సూసింది మేడమ్. ఏం జెయ్యాలె?”

ఉమారాణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెంటికీ సరిపడే శక్తి లేక ప్రాజెక్టు పెద్దసారుకు ఫోన్ చేసింది. సారు అంకెలన్నీ మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత, మొదటిరోజు అంకెలతో చూస్తే ఎనిమిదింటికీ తగ్గింది కాబట్టి మందులో పస ఉందనిపిస్తోందన్నాడు. అయితే పోల్చుకోవడానికి ఒక్క బర్రె కూడా మిగల్లేదు. నెల రోజులు మాన్పించి మళ్లీ మొదలుపెట్టాలి. ఈసారి ఒక గుంపుకు ఇంకో గుంపు కనపడకూడదు.

“ఇంకో నాలుగు నెలలు,” అందామె నీరసంగా. “అదే బస్సు.”

“ఎర్రవాటిని మా మామ కొట్టంల కడ్త. నేను కావాలని జెయ్యలే మేడమ్.”

“తెలుసు.”

“కాని బాధ గూడ అయితలేదు.”

ఆమె మిషన్ ఎత్తి అతని మూతికి గురిపెట్టింది. “మల్ల సెప్పు. అబద్ధమైతే మోగుతది.”

“మీరు రేపు రానంటే, ఈ కొట్టంల నాకేం పనున్నదనిపించింది.”

మిషన్ మోగలేదు.

లింగమ్మ రోజూలాగే మేడమ్‌కని ఒక్క గ్లాసు టీ తెచ్చింది. ఉమారాణి తన నీళ్ల ఫ్లాస్కు మూత తీసి, అందులో సగం టీ పోసి వీరేశానికి అందించింది.

“నాకెందుకు?”

“తాగు. నేను తాగుతుంటే తొంభై రోజుల సంది సూస్తనే ఉన్నవ్. దిష్టి తగలదా?”

లింగమ్మ చెంబు పట్టుకుని అటు తిరిగి, అవసరం కంటే ఎక్కువసేపు పాలు పిండింది.

ఆటో దాకా వీరేశం గొడుగు పట్టాడు. మిషన్ తడిసింది. ఉమారాణి ఏడవలేదు.