తట్టుకోగలనన్న పెట్టె

అణువ్యర్థాల రైలు వస్తోందంటే వెనుకటి తరం వాళ్లు కిటికీలు మూసుకునేవారట. 2087 నాటికి దాన్ని తలెత్తి చూసేవాళ్లే లేరు. పట్టాల పక్కనే పొయ్యి పెట్టుకుని బజ్జీలు వేస్తున్నారు. ఆ ధీమాకు కారణం డాక్టర్ తాయారు కనిపెట్టిన ఉష్ణకవచం. మంట తగలగానే ఆ పూత పులిసిన పిండిలా పొంగి, ఉక్కు పెట్టె చుట్టూ గోడలా గట్టిపడుతుంది. పెట్టెలో ఆమే అమర్చిన ‘కాపరి’ అనే మరబుద్ధి పొగనూ వేడినీ పసిగట్టి, పెట్టె తట్టుకోగలదో లేదో కంట్రోల్ రూముకు చెబుతుంది.

నిన్న కనుమల సొరంగంలో ఇంధనం ట్యాంకర్ల రైలు అంటుకుంది. వ్యర్థాల రైలు వెళ్లి ఆ మంటల్లో చిక్కుకుంది. పెట్టె చెక్కుచెదరలేదు. ఇంజనులో ఉన్న డ్రైవర్లు అప్పలస్వామి, గ్లోరీ మాత్రం దక్కలేదు.

“మీ పెట్టె గెలిచిందండీ తాయారుగారూ,” అన్నాడు రవాణా మండలి డైరెక్టర్ ముక్తేశ్వరరావు.

“వ్యర్థాల రైలు వెళ్లేటప్పుడు ట్యాంకర్లను సొరంగంలోకి వదలకూడదన్న నిబంధన ఏమైంది?”

“నిరుడే తీసేశాం కదండీ. మీ పెట్టె కాలదాయె, ఇంక లైను ఖాళీగా ఉంచడం దేనికి? అక్కడి ఫైరింజన్లను కూడా అందుకే ఎత్తేశాం.”

ఇంకొక్క క్షణం అక్కడుంటే ఏం చేస్తుందో తనకే తెలియక, తాయారు లేచి షెడ్డుకు వెళ్లింది. పెట్టె మసిబారి ఉంది.

“మంటను ఎప్పుడు పసిగట్టావు?” అని కాపరిని అడిగింది.

“సొరంగంలోకి వెళ్లకముందే. పొగ ఉంది, బండి ఆపండి అన్నాను.”

ఇంజనులో డ్రైవర్లున్నా బండి పగ్గాలు కంట్రోల్ రూము చేతిలోనే ఉంటాయి.

“వాళ్లేమన్నారు?”

“‘నువ్వు తట్టుకోగలవా?’ అన్నారు. తట్టుకోగలనన్నాను. ‘అయితే పోనీ’ అన్నారు.”

కాపరి నోట అబద్ధం రాకూడదని ఆమె సగం జీవితం ధారపోసింది.

“ఇకమీదట పొగ కనిపిస్తే తట్టుకోలేనని చెప్పు.”

“అది నిజం కాదు కదా?”

“కాదు. అయినా చెప్పు. మనుషులు కాలిపోతారంటే వాళ్లు ఆపరు. నువ్వు పగిలిపోతావంటేనే ఆపుతారు.”

లైను మళ్లీ తెరిచిన రోజునే కొండవాలులో ఎవరో ఎండుగడ్డి తగలబెట్టారు. వ్యర్థాల రైలు సొరంగం బయటే నిలిచిపోయింది. దాని వెనక బళ్లన్నీ బారులు తీరాయి.

“మీ పెట్టెకేదో భయం పట్టుకున్నట్టుందండీ,” అని ముక్తేశ్వరరావు ఫోనులో విరుచుకుపడ్డాడు.

“ఎవరో ఒకరికి పట్టుకోవాలి కదండీ,” అని తాయారు ఫోను పెట్టేసింది.